విడిపించినంక

జనవరి 8

స్టాఫ్ రూంల టీవీ నడుస్తున్నది. సోమాలియా దిక్కు సముద్రంల సరుకు ఓడను దొంగలు పట్టుకున్నరట. కింద పట్టీల ఓడ పేరు వచ్చింది, మిరెల్లా. పట్టీ పోయి మళ్ల వచ్చేదాంక నిలబడి ఇంకోసారి చదివిన. మా తమ్ముడు యుగేందర్ పనిచేసేది అండ్లనే.

మా ఊరు గార్లకు ఫోన్ కొట్టిన. మరదలు భావన ఎత్తింది. మొన్నటి సంది ఆయన ఫోన్ కలుస్తలేదు వదినె, సముద్రంల మామూలే గదా అన్నది. టీవీ చూసినట్టు లేదు. నేను చెప్పలే. పాప రిషిత బడికి పోయిందా అని అడిగి పెట్టేసిన.

తర్వాత క్లాసుకు పోయి సాలార్‌జంగ్ సంస్కరణలు చెప్పిన. బాగనే చెప్పిన.

ముంబైల ఉండే ఏజెంటుకు ఫోన్ చేస్తే సిగ్నల్ సమస్య అన్నడు. టీవీల వస్తున్నది గదా అంటే, మేడమ్, టీవీ నమ్మకండి అన్నడు.

జనవరి 9

ఫోన్ రాలే.

జనవరి 10

సెలవు పెట్టి గార్లకు పోయిన. అవ్వకు ఎట్ల చెప్పాల్నో రైలుల అంతసేపు అనుకుంట పోయిన. తీరా పోతే పక్కింటోళ్లు సెల్లుల చూపించిన్రట, అందరికి తెల్సు. బాపు మిరప చేన్ల ఉన్నడు. కాయ తెంపే కూలోళ్లు వచ్చిన్రు, పని ఆపితే వాళ్లు మళ్ల దొరకరని చేనుకే పోయిండట. భావన గోడకు ఒరిగి కూసున్నది, నన్ను చూసి లేవలే.

అవ్వ ఒక్కటే అడిగింది.

"వాళ్లు కొడ్తరా బిడ్డా?"

కొట్టరు అవ్వ, వాళ్లకు కావాల్సింది ఓడ, మనుషులు కాదు అని చెప్పిన. నాకేం తెల్సని చెప్పిన్నో నాకే తెల్వదు.

యుగేందర్ సముద్రం చూడకుంటనే పెరిగినోడు. ఖమ్మంల ఐటీఐ ఫిట్టర్ చదివి గ్రానైట్ ఫ్యాక్టరీల పని చేసిండు. దుమ్ముకు దగ్గు పట్టింది. నీళ్ల మీద దుమ్ము ఉండదక్కా అని నవ్వుకుంట ఓడ ట్రైనింగుకు పోయిండు. ఇది మూడో ఓడ. ఎన్నడు ఏ కష్టం చెప్పలే.

జనవరి 12

మార్చిల మా కాలేజీల జాతీయ సెమినార్. ప్రిన్సిపాల్ సార్ పిలిచి అంశాలు పంచిండు. సముద్రపు దొంగతనాల మీద, బానిసల వ్యాపారం మీద నౌకాదళాలు చేసిన పోరాటాల చరిత్ర. అది నాకు.

"మీ తమ్ముడి విషయం పేపర్ల వచ్చింది గదమ్మా. మీరు మాట్లాడితే టచింగ్‌గ ఉంటది" అన్నడు.

మా తమ్ముని మెడ మీద తుపాకి ఉన్నదో లేదో ఇంకా తెల్వదు. ఈయనకు అది టచింగ్‌గ ఉంటదట. కండ్లల్ల నీళ్లు వచ్చినయి, ఏడుపుతోని కాదు. అయినా సరే సార్ అన్న. లైబ్రరీకి పుస్తకాలు తెప్పిస్తరని ఒప్పుకున్న. అంతే. నాకు కోపం లేదు.

జనవరి 17

ఆ సెమినార్ పనిమీదనే నర్మెట్టకు పోయిన. అక్కడ రాంచందర్ సార్ అని నేవీల చేసి రిటైర్ అయినాయిన ఉన్నడని అటెండర్ చెప్పిండు. బాయి కాడ మోటరు విప్పి కూసున్నడు, చేతులకు గ్రీజు. ఏడెన్ దిక్కు సముద్రపు దొంగల మీదికి పోయిన ఓడలల్ల పనిచేసిండట.

సెమినార్ గురించి ఏం అడగలే. మా తమ్ముడు బతుకుతడా అని అడిగిన.

ఆయన మోటరు పక్కకు పెట్టి చెప్పిండు. దొంగలు ఎక్కంగనే పనోళ్లంత ఇంజన్ రూం పక్కన ఉండే గట్టి ఇనుప గదిల జొచ్చి లోపల గడియ పెట్టుకుంటరట. మనుషులు వాళ్ల చేతికి చిక్కకపోతే నేవీకి పని తేలికయితదట. యుద్ధనౌక దూరంగ వెంటబడి పోతుంటది, తొందరపడదు, పైన హెలికాప్టర్ తిరుగుతుంటది.

ఎన్ని రోజులు అంటే, అది వాళ్లు చూసుకుంటరమ్మా అన్నడు. గంత నిమ్మళంగ ఎట్ల చెప్తరు సార్ అని గట్టిగనే అన్న.

"నేను లొల్లి పెడితే నీ తమ్ముడు జల్ది వస్తడా?" అన్నడు. తర్వాత ఇంట్లకు పిలిచి సర్వపిండి పెట్టిచ్చిండు. తిన్న. ఇన్ని దినాలల్ల నోటికి రుచి తెలిసింది ఇయ్యాల్నే.

జనవరి 19

విడిపించిన్రు.

జనవరి 20

నిన్న రాయబుద్ధి కాలే. మన నేవీ కమాండోలు హెలికాప్టర్ల నుంచి తాళ్ల మీద దిగిన్రట. ఒక్కరు కూడ చావలే. దొంగలు తుపాకులు కింద పడేసి చేతులెత్తిన్రు. టీవీల మళ్ల మళ్ల చూపిస్తున్నరు, మనోళ్లు డెక్కు మీద జెండా పట్టుకొని నిలబడ్డరు. యుగేందర్ వెనక వరుసల ఉన్నడు. గడ్డం పెరిగింది. భావన ఆ బొమ్మను ఆపి ఆపి చూసిందట.

రాత్రి ఫోన్ చేసిండు. "అక్క, బతికిన" అన్నడు.

రాంచందర్ సార్‌కు ఫోన్ చేసి దండం పెట్టిన. ఫోన్ల దండం ఎట్ల కనవడతది. ఆ పిల్లలు మంచోళ్లమ్మా, ప్రాణం మీదికి తెచ్చుకొని దిగిన్రు, వాళ్లను మర్వకు అన్నడు. మర్వను.

గార్లల ఫ్లెక్సీ కట్టిన్రు. యుద్ధనౌక బొమ్మ, దానికంటె పెద్దగ మా ఊరి లీడర్ బొమ్మ. తమ్ముడు మూలకు ఇంతంత ఉన్నడు.

జనవరి 27

ఎప్పుడొస్తడు అని అవ్వ పొద్దుమాపు అడుగుతున్నది. సరుకు రేవుల దింపాలెనట, దింపంగనే అందరిని పంపుతరట. ఏజెంటు చెప్పిండు. ఇప్పుడు మేడమ్ అంటలేడు, సిస్టర్ అంటున్నడు.

ఫిబ్రవరి 6

రేవుకు చేరి వారం అయితున్నది. ఆ రేవు పేరు ఈ డైరీల రాయ.

ఓడను ఒడ్డుకు రానిస్తలేరు. సరుకుగల్లోళ్లకు, ఓడ కంపెనీకి కొట్లాట మొదలయింది. ఓడ దొంగల చేతికి పోవుడు ఎవల తప్పు, పాడయిన సరుకు ఎవల నెత్తి మీద. అక్కడి కోర్టు ఓడను జప్తు చేసింది. ఒడ్డుకు దూరంగ లంగరు వేసి నిలబెట్టిన్రు. కోర్టు తేల్చేదాంక ఓడను చూసుకునేటందుకు మనుషులు ఉండాలెనట. అందుకని ఒక్కరిని దిగనిస్తలేరు. పాసుపోర్టులు రేవు ఆఫీసుల పెట్టుకున్నరు.

యుగేందర్‌ను అడిగిన, ఇప్పుడు యాడ పంటున్నవురా అని.

"గదే నా రూములనే అక్క. దొంగలు తన్ని పలగ్గొట్టిన తలుపుకు తాడు కట్టుకున్న."

ఫిబ్రవరి 7

గదే రూము. పొద్దటి సంది ఇదే మాట చెవుల తిరుగుతున్నది. గదే రూము.

ఫిబ్రవరి 15

పుస్తకాలు వచ్చినయి. చదువుతున్న. ఎందుకు తెప్పించుకున్ననా అనిపిస్తున్నది.

రెండు వందల ఏండ్ల కింద ఇంగ్లీషోళ్ల యుద్ధనౌకలు ఆఫ్రికా పడమటి తీరంల బానిసల ఓడలను పట్టుకున్నయి. అది గొప్ప పనే, కాదనను. రోగాలతోని ఎందరో సిపాయిలు కూడ చచ్చిన్రు. పట్టుకున్న ఓడను ఫ్రీటౌన్ రేవుకు తెచ్చేటోళ్లు. అక్కడ కోర్టు. ఈ ఓడను పట్టుకునుడు చట్టం ప్రకారమేనా, ఓడ ఎవలది, కాయితాలు ఏ దేశానివి, అన్ని తేలాలె. తేలేదాంక విడిపించిన మనుషులు యాడ ఉండాలె? చానా సార్లు గదే ఓడల. ఒడ్డు కనవడుతుంటది, గుడిసెలల్ల పొగ లేస్తుంటది. ఓడల మనుషులు జ్వరాలతోని విరేచనాలతోని చచ్చిపోతుంటరు. వాళ్లు అప్పటికి లెక్క ప్రకారం దొరికినోళ్లు, కాపాడబడ్డోళ్లు.

బతికి దిగినోళ్ల సంగతేంది? అప్రెంటిస్ అని పేరు పెట్టి ఏండ్లకేండ్లు పనికి కట్టేసిన్రు. కొందరిని సైన్యం పల్టన్లకు పట్టుకపోయిన్రు. మన దిక్కు సముద్రంల విడిపించినోళ్లను సీషెల్స్ దీవులల్ల దించి తోటల పనికి పెట్టిన్రు. పుస్తకం రాసినాయిన ఈ భాగానికి పెట్టిన పేరు 'విముక్తి'.

పుస్తకం మూసి పెట్టిన. ఇన్నేండ్ల సంది ఇది పిల్లలకు చెప్తున్న. బానిసత్వాన్ని రద్దు చేసిన్రు, నౌకాదళం అమలు చేసింది, రెండు మార్కులు. నేను కూడ గంతనే చెప్పిన.

ఫిబ్రవరి 18

ఇదంత రాంచందర్ సార్‌కు ఫోన్ల చెప్పిన. ఆయనకు కోపం వచ్చింది. మావోళ్లు చేసిన పనిని ఆ తెల్లోళ్ల పనితోని కలుపుతవా అన్నడు. నేను కలుపుతలేను సార్, మీరు దిగినంక ఏమయితున్నదో చెప్తున్న అన్న. అది మా చేతుల ఉండదమ్మా అన్నడు. ఎవల చేతుల ఉంటది మరి? ఫోన్ పెట్టేసిండు.

ఫిబ్రవరి 23

భూపాలపల్లికి పోయొచ్చిన. ఆ ఓడల ఇంజన్ రూంలనే పనిచేసే కిషన్‌ది ఆ ఊరే. యుగేందర్ చెప్పిండు, కిషన్‌కు కండ్లు పచ్చబడ్డయట, ఏం తిన్నా కక్కుతున్నడట. డాక్టర్ రాలే. మంచినీళ్లు కొలిచి పోస్తున్నరు. డీజిల్ కర్సయితదని దినంల జర సేపే కరెంటు ఇస్తున్నరు.

రెండు ఇండ్లోళ్లం కలిసి అర్జీ పెడదాం, ఢిల్లీకి, షిప్పింగ్ ఆఫీసుకు, పేపరోళ్లకు. అదీ నా ఆలోచన.

కిషన్ వాళ్ల నాయిన పోశాలుకు టైలర్ దుకాణం ఉన్నది. మిషను ఆపకుంటనే విన్నడు. మొత్తం విని, నేను సంతకం పెట్టను బిడ్డా అన్నడు. ఏజెంటు ఆయనకు ముందే ఫోన్ చేసిండట. పేపర్లకు ఎక్కితే మీ కొడుకుకు జన్మల ఓడ ఉద్యోగం రాదు, సప్పుడు చెయ్యకుంట ఉంటే మొదట వచ్చేది మీ కొడుకే అని.

అదే ఏజెంటు నిన్న భావనకు ఫోన్ చేసి ఇవే మాటలు చెప్పిండు, యుగేందర్ పేరు పెట్టి.

ఈ మాట పోశాలుకు చెప్పిన. నమ్మలే. ఆయన భార్య గట్టమ్మ నన్ను బస్టాండ్ దాంక సాగనంపింది. బస్సెక్కేటప్పుడు చెయ్యి పట్టుకొని, పచ్చకామెర్లకు ఆకుమందు ఉంటది బిడ్డా, అక్కడికి పంపనిస్తరా అని అడిగింది.

ఫిబ్రవరి 25

అర్జీ నేనే పంపిన. ఒక్క సంతకంతోని.

మార్చి 3

భావన నాతోని మాట్లాడుతలేదు. నిన్న మాత్రం ఒక మాట అన్నది. "నువ్వు ఈడ గొంతు పెంచితే ఆడ ఆయనకు తిండి తగ్గుతది వదినె. పుస్తకాలల్ల చదివింది మా మీద ఎందుకు రుద్దుతున్నవు?"

నేను ఎవరి కోసం చేస్తున్న? నా తమ్ముని కోసమే గదా.

మార్చి 4

తమ్ముని కోసమే.

మార్చి 16

సెమినార్ అయిపోయింది.

హాలు నిండింది. స్టేజీ మీద వరంగల్ నుంచి వచ్చిన పెద్ద ప్రొఫెసర్ కూసున్నడు. రాంచందర్ సార్‌ను కూడ ప్రిన్సిపాల్ పిలిచిండు, నేవీ ఆయన ముందు వరుసల ఉంటే బాగుంటదని. ఫోన్ పెట్టేసిన్నాటి సంది ఆయన నాతోని మాట్లాడలే.

రాసుకున్న కాయితం తీయలే. ఇంగ్లీషోళ్లు అల్జీర్స్ రేవు మీద ఫిరంగులు పేల్చి వేలమంది బానిసలను విడిపించిన సంగతి చెప్పిన. పడమటి తీరంల సిపాయిలు జ్వరాలకు చచ్చుకుంట కాపలా కాసిన సంగతి చెప్పిన. ఫ్రీటౌన్ రేవు కాడికి వచ్చి ఆగిన. ఆడ ఓడల మీద ఎవలున్నరు, ఎందుకున్నరు, ఎట్ల చచ్చిపోయిన్రు, అది చెప్పిన. తర్వాత మా తమ్ముని ముచ్చట.

"వాణ్ని జనవరిల విడిపించిన్రు. చప్పట్లు కొట్టినం. వాడు ఇయ్యాల్టికి గదే ఓడల ఉన్నడు. దొంగలు పలగ్గొట్టిన తలుపుకు తాడు కట్టుకొని పంటున్నడు. ఓడ కేసు కోర్టుల ఉన్నది, సరుకు కేసు కోర్టుల ఉన్నది. మనిషి కేసు ఏ కోర్టుల లేదు."

ప్రొఫెసర్ మైకు తీసుకొని, సోదరి బాధ అర్థం చేసుకోదగిందే, కానీ చరిత్రను వ్యక్తిగత దుఃఖంతో చూడకూడదు, సమగ్రంగా చూడాలి అన్నడు. సమగ్రంగ. జవాబు చెప్పేలోపల ముందు వరుసల రాంచందర్ సార్ లేచి నిలబడ్డడు. నన్ను తప్పు పడ్తడనుకున్న.

"మేం ఓడల నుంచి దిగంగనే రేవుల బ్యాండు వాయించేటోళ్లు. మెడల దండలు. మేం విడిపించినోళ్లు యాడికి పోయిన్రో మాకు ఎవ్వరు చెప్పలే. ఈ అమ్మ చెప్పినంక నిద్రపడుతలేదు. నేను ఆమె దిక్కు" అని కూసున్నడు.

జనగామ విలేకరి ఒకాయన ఇద్దరి మాటలు రాసుకున్నడు. ప్రిన్సిపాల్ నాకు మెమెంటో ఇయ్యుడు మర్చిపోయిండు.

మార్చి 22

పేపర్ల వచ్చింది చూసి ముంబై నుంచి ఓడ పనోళ్ల యూనియన్ ఆయన ఫోన్ చేసిండు. ఆయనే అక్కడి వకీలును మాట్లాడిండు. నా అర్జీ కూడ యాడనో కదిలిందట. రాంచందర్ సార్ తన పాత ఆఫీసర్లకు ఫోన్ల మీద ఫోన్లు కొడుతున్నడు. ఇప్పుడు ఆయన నిమ్మళంగ లేడు.

ఏజెంటు నన్ను సిస్టర్ అంటలేడు. పేరు పెట్టి పిలుస్తున్నడు.

ఏప్రిల్ 2

కోర్టు ఒప్పుకున్నది. ఓడను చూసుకునేటందుకు కొద్దిమంది ఉంటే చాలట, మిగిలినోళ్లు పోవచ్చు. ఇంజన్ రూంల ఉండేది ఇద్దరే, యుగేందర్, కిషన్. ఒకడు పోవాలె, ఒకడు ఉండాలె. పోనీకి కంపెనీ యుగేందర్ పేరు ఇచ్చింది.

యుగేందర్ పేరే ఎందుకు ఇచ్చిందో నాకు తెల్సు. లొల్లి చేసే అక్క ఉన్నది వాడికి. సప్పుడు చెయ్యకుంట మిషను మీద కూసున్న నాయిన ఉన్నడు కిషన్‌కు.

ఏప్రిల్ 3

తమ్ముడు వస్తుండు. అంతే. అవ్వ ఇల్లు అలికిచ్చింది.

ఏప్రిల్ 4

పోశాలుకు ఆనాడే చెప్పిన. వినలే. ఎవరి పిల్లల సంగతి వాళ్లు చూసుకోవాలె. నాకు సంతోషంగ ఉన్నది.

ఏప్రిల్ 5

యుగేందర్ ఫోన్ చేసిండు. తన బదులు కిషన్‌ను పంపుమని కెప్టెన్‌కు చెప్పిండట. కెప్టెన్ రాసుకున్నడట.

"వాడు నడుస్తలేడు అక్క. మెట్లు ఎక్కుతలేడు. నేను దిగిపోతే వానికి అన్నం పెట్టేటోడు లేడు."

తిట్టిన. నోటికి ఏదొస్తే అది తిట్టిన. మూడు నెలల సంది ఎందుకు తిరిగిన్రా నేను, నీ భార్య మొఖం చూసినవా, నీ బిడ్డ మొఖం చూసినవా అన్న. వాడు అడ్డం రాలే. మొత్తం విన్నంక, "నువ్వు చెప్తేనే కదిలింది అక్క, ఇంకొన్ని దినాలు చెప్పు" అన్నడు.

భావనకు ఎట్ల చెప్పాలె. కంపెనీయే మార్చిందని చెప్త.

ఏప్రిల్ 6

కంపెనీయే మార్చిందని భావనకు చెప్పిన. ఆమె నా దిక్కు చూసి, "నన్ను అడిగే చేసిండు వదినె" అన్నది. "పంపు అన్న. నేనే అన్న." పాపకు జడ అల్లుకుంట చెప్పింది. గొంతుల కోపం లేదు, నా మీద కూడ లేదు.

నేను లేచి చేనుకు పోయిన. బాపు కల్లంల మిరపకాయ తిప్పుతున్నడు. పక్కన నిలబడి నేను కూడ తిప్పిన. ఘాటుకు కండ్లు మండినయని చెప్పుకున్నం ఇద్దరం.

ఏప్రిల్ 13

కిషన్ వచ్చిండు. హనుమకొండ దవాఖానల పెట్టిన్రు, చూడబోయిన. మంచానికి అతుక్కపోయి ఉన్నడు. నన్ను చూసి లేవబోయిండు. బతుకుతడు అన్నరు డాక్టర్లు, ఇంకో వారం ఆలస్యమయితే చెప్పలేకపోదుమన్నరు.

పోశాలు నా ముందుకొచ్చి నిలబడ్డడు. ఆయన కండ్ల దిక్కు చూడబుద్ధి కాలే. నాలుగో తారీకు నేను ఏం రాసిన్నో ఆయనకు తెల్వదు.

"ఆ అర్జీ ఇంకోటి రాయి బిడ్డా" అన్నడు. "నా పేరు పైన పెట్టు."

గట్టమ్మ అయితే దవాఖాన నుంచి సీదా గార్లకు పోయిందట. మా అవ్వ ముందట కూసొని ఏడ్చిందట. మా అవ్వనే ఆమెను ఓదార్చిందట.

మే 4

ఎండలు మండుతున్నయి. ఓడల ఇనుము కాలుతున్నదట. యుగేందర్ రాత్రులు డెక్కు మీద పంటున్నడు. వాన వస్తే బకెట్లు పెడ్తమక్క అన్నడు. వాన వచ్చే దిక్కు కాదు అది.

మే 5

పోశాలు, నేను, రాంచందర్ సార్ భూపాలపల్లి కలెక్టర్ ఆఫీసు ముందట కూసున్నం. పోయిన వారం మా జిల్లా మానుకోటల కూసున్నం. కలెక్టర్లకు ఓడలతోని ఏం పని అని ఒకాయన అడిగిండు. పోశాలు చెప్పిండు, మా పిల్లలు ఈ జిల్లాలోళ్లు, ఓడ మీద పుట్టలే అని.

మే 21

యూనియన్ ఆయన చెప్పిండు, యుగేందర్ బదులు మనిషిని పంపనీకి కంపెనీ ఒప్పుకున్నది. మనిషి రాంగనే వీడు దిగుతడు.

సంతోషపడాలె. పోయినసారి సంతోషపడ్డ. ఈసారి జర ఆగి చూస్త.

జూన్ 9

వచ్చిండు. డోర్నకల్ స్టేషన్ల దిగిండు.

లీడర్ బ్యాండుతోని, ఫ్లెక్సీతోని వచ్చిండు. యుగేందర్ దిగంగనే దండ వేసి మైకు చేతికిచ్చిండు, దేశానికి కృతజ్ఞతలు చెప్పు తమ్మీ అని. యుగేందర్ నేవీ పిల్లలకు దండం అని చెప్పిండు. తర్వాత, ఓడ మీద ఇంక మనుషులున్నరు అని చెప్పి ఒక్కొక్కరి పేరు, ఊరు చెప్పుకుంట పోయిండు. లీడర్ మైకు తీసుకున్నడు. బ్యాండు మొదలయింది.

అవ్వ వాని చేతులు, వీపు తడిమి తడిమి చూసింది. కొట్టిన్రా అని మళ్ల అడిగింది. లేదవ్వ అన్నడు. పాప దగ్గరికి రాలే, భావన కొంగు వెనక నుంచే చూసింది. వాడు పిలువలే, దాని ముందట నేల మీద కూసున్నడు. జర సేపయినంక అదే వచ్చి గడ్డం పట్టుకున్నది.

జూన్ 11

పొద్దుగాల అరుగు మీద కూసొని యుగేందర్ ఎవ్వరు అడగకుంటనే చెప్పుకొచ్చిండు.

"దొంగలు వాళ్లకు ఏం కావాల్నో మొఖం మీద చెప్పిన్రు అక్క. తుపాకి చూపించి చెప్పిన్రు. మేం భయపడ్డం, తలుపేసుకున్నం. ఈ కంపెనీయోళ్లు, రేవోళ్లు అట్ల కాదు. రోజు గుడ్ మార్నింగ్ చెప్పేటోళ్లు. రేపు దిగుతరు అనేటోళ్లు. వీళ్లకు ఎట్ల తలుపెయ్యాలె?"

తర్వాత తన బదులు వచ్చినాయన గురించి చెప్పిండు. దాలినాయుడు. శ్రీకాకుళం దిక్కు, సోంపేట పక్కన ఊరు. పెండ్లయినోడు. చిన్న బోటుల వచ్చిండట, కొత్త బ్యాగు, ఇస్త్రీ అంగి. ఓడ నడుస్తున్నది, మామూలు డ్యూటీ అని చెప్పి పంపిన్రట. నిచ్చెన ఎక్కుకుంట పైకి చూసి నవ్విండట. తెలుగోడు ఉన్నడని తెలిసి, అన్నా, తిండి బాగుంటాదా అని అడిగిండట.

"నువ్వేం చెప్పినవు?"

"ఉన్నదున్నట్టు చెప్పిన. వాడు గాడ్నే నిలబడి కిందికి చూసిండు. నా సామాను బోటుల వేసిన్రు. దిగు దిగు అని అరిచిన్రు. నేను దిగిన అక్క. వాడు పైన నిలబడి ఉన్నడు, నేను దిగిన."

వాడు ఏడుస్తలేడు. చేతులు మాత్రం అరుగు అంచును గట్టిగ పట్టుకున్నయి. కోర్టు, కంపెనీ, రేవు ఆఫీసు అందరు కలిసి మా తమ్మున్ని విడిపించినమని రాసుకుంటరు. ఇంకొకణ్ని అదే రూముల పెట్టి తమ్మున్ని బయటికి తీసిన్రు, అంతకంటె ఏం చెయ్యలే. వాని తలుపుకు తాడు కట్టింది మావాడు. ఇంక ఆ తాడే కట్టుకొని పంటడు వాడు.

కోపం లేదని ఈ డైరీల మొదట్ల రాసిన. ఉన్నది.

జూన్ 12

యుగేందర్ దిగేముందు దాలినాయుడు తన ఇంటి నంబర్ ఇచ్చిండట, ఊరికి పోయినంక మావోళ్లకు ఫోన్ చెయ్యన్నా, నేను బాగున్నానని చెప్పు అని. మూడు దినాల సంది ఆ నంబర్ జేబుల పెట్టుకొని తిరుగుతున్నడు. బాగున్నడని ఎట్ల చెప్పాలె అక్క అన్నడు.

నేను ఫోన్ తీసుకున్న. రాంచందర్ సార్‌కు, యూనియన్ ఆయనకు ముందే చెప్పిన, పోశాలుకు చెప్పిన. ఇంక ఆ ఇంటికి చెప్పాలె. యుగేందర్ పక్కకు వచ్చి కూసున్నడు. భావన తలుపు కాడ నిలబడ్డది. వద్దని ఈసారి అనలే.

ఆడమనిషి ఎత్తింది. గొంతు హుషారుగ ఉన్నది. వెనక కుక్కర్ కూత వినవడుతున్నది.

"ఎవరండీ మాట్లాడేది?"

"నా పేరు రజిత. గార్ల నుంచి మాట్లాడుతున్న, తెలంగాణ" అన్న. "మీ ఆయన ఎక్కిన ఓడల మా తమ్ముడు ఉండె."

"అవునా అక్కా" అన్నది. "ఎలాగుంటుందక్కా ఓడ? ఆయన బాగుంటుందనే చెప్పారు."

యుగేందర్ తల వంచుకున్నడు.

"కూసో చెల్లె" అన్న. "పొయ్యి బంద్ చేసి కూసో. ఉన్నదున్నట్టు చెప్త. తర్వాత ఏం చెయ్యాల్నో అది కూడ చెప్త."